రాంబ్లాలో మేస్త్రి నడక

నేను బార్సిలోనా వెళ్లొచ్చానని తెలిసిన ప్రతివాళ్లూ ముందు అడిగేది ఫొటోలు. ఫోను తీసి చూపిస్తాను. నేల. ఇంకో నేల. కాస్త దగ్గర నుంచి తీసిన నేల. ఒకదాంట్లో మాత్రం మూలన చెప్పుల్లేని పాదం ఒకటి పడింది, చిట్లిన బొటనవేలి గోరుతో సహా. దోహాలో మా తెలుగు చర్చికి వచ్చే ఒకావిడ అది చూసి, "ఇదేంటే, యూరప్ వెళ్లి కాళ్ల డాక్టరుకి చూపించుకున్నావా?" అంది. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. ఫోను లాక్కుని బ్యాగులో పడేశాను.

కానీ ఆవిడ అడిగిన దాంట్లో తప్పేం లేదు. లోకమంతా తలెత్తి చూడ్డానికి వెళ్లే ఊరది. నేను మాత్రం మూడు రోజులు ఒక మనిషి వెనకాల తల దించుకుని నడిచాను. అక్కడి గుడి గోపురాలు నాకు గుర్తు లేవు, భోజనం గుర్తు లేదు. వీధి ఒక్కటే గుర్తుంది. ఇప్పటికీ మధ్యాహ్నం కాస్త కన్నంటుకుంటే చాలు, ఆ బూడిదరంగు అలలు కాళ్ల కింద కదులుతాయి.

నేను దోహా వెస్ట్ బేలో, నేలలు పరిచే ఒక కంపెనీ ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్ని. ఆ ఉద్యోగం ఏమిటో కడియంలో ఉన్న మా అమ్మకి పదేళ్లుగా చెబుతూనే ఉన్నాను. సైటులో ఒక రాయి పడాలంటే ముందు ఆఫీసులో ఒక కాగితం పడాలి. ఆ కాగితాలకి నంబర్లు వేసి, సంతకాలు పెట్టించి, అడిగినప్పుడు తీసివ్వడం నా పని. "అంటే రాళ్లకి కరణం ఉద్యోగమన్నమాట" అని మా అమ్మ తేల్చేసింది. నేనూ ఒప్పేసుకున్నాను.

అప్పట్లో మాకొక పెద్ద పని దొరికింది. సముద్రం ఒడ్డున, కార్లు తిరగకుండా, మనుషులు మాత్రమే నడిచే పొడుగాటి వీధి. కట్టించేది ఒక ఖతరీ పెద్దాయన. కుర్రతనంలో దుఖాన్ చమురు బావుల దగ్గర పని చేసి, తర్వాత దేశాలు తిరిగినవాడు. బార్సిలోనాలో లా రాంబ్లా అనే నడక వీధిని ఎప్పుడో చూశాడట. అది ఒకప్పుడు ఇసుక వాగు అట. వానొస్తే నీళ్లు, లేకపోతే ఇసుక. ఆ పేరు కూడా ఇసుకకి తమ అరబ్బీలో ఉన్న మాటలోంచే వచ్చిందని మురిసిపోయేవాడు. అక్కడ నేలంతా అలలు అలలుగా పలకలు పరిచి ఉంటాయి. తన వీధిలోనూ అవే అలలు కావాలన్నాడు.

ఇక్కడ ఏ పనికైనా ముందు మచ్చుకి ఓ ముక్క చేసి చూపించాలి. అది నచ్చితేనే అసలు పని. మేము ఒక గది అంత మేర అలల పలకలు పరిచి చూపించాం. పెద్దాయన చేతికర్ర ఆనించి నిలబడ్డాడు, చూశాడు, "నాయిమ్" అన్నాడు. నిద్రపోతోంది అని. విప్పేసి మళ్లీ పరిచాం. ఎక్కడి గొంగళి అక్కడే. రెండోసారీ అదే మాట. మా కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేదు, నా కాగితాల్లో ఒక్క సంతకం తక్కువ లేదు. అయినా అల లేవడం లేదు. ఇంకొక్కసారే చూస్తానన్నాడాయన. మూడోసారీ నిద్రపోతే పని వేరే కంపెనీకి పోతుంది. ఆ పని కోసమే ఉంచుకున్న మేస్త్రినీ, ఆయన మనుషుల్నీ ఇళ్లకి పంపేస్తారు.

అప్పుడు పెద్దాయనే ఒక మాటన్నాడు. కాగితం గీసినవాడు కాదు, పలక వేసే చెయ్యి వెళ్లి అక్కడ చూసి రావాలని. మేస్త్రికి తోడు ఇంజనీరు వెళ్లాలనుకున్నారు. ఆ మహానుభావుడు శుక్రవారం క్రికెట్ ఆడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. డ్రాయింగు గీతల నంబర్లన్నీ నోటికొచ్చినదాన్ని, ఇంగ్లీషుని తెలుగు చేయగలదాన్ని నేనే కాబట్టి, నన్ను వెళ్లమన్నారు. వీసాలన్నీ పెద్దాయన ఆఫీసు వాళ్లే చూసుకున్నారు.

మా ఆయన దుఖాన్‌లో పని చేస్తాడు, సెలవు దొరికినప్పుడే అల్ ఘర్రాఫాలోని మా ఇంటికి వస్తాడు. సంగతి ఫోనులో చెబితే పగలబడి నవ్వాడు. "యూరప్ తీసుకెళ్లమని పదేళ్లు సాధించావు. ఇప్పుడు మేస్త్రి తీసుకెళ్తున్నాడు." నేను పళ్లు నూరాను. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టుంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గేస్తుంది.

మేస్త్రిది జగిత్యాల దగ్గర పల్లెటూరు. యాభై అయిదేళ్లుంటాయి. పందొమ్మిదేళ్లుగా ఖతర్‌లో, సనయ్యా అనే ఫ్యాక్టరీల పేటలోని లేబర్ క్యాంపులో ఉంటున్నాడు. వాళ్ల నాన్న ఇళ్లకి షాబాదు బండలు పరిచేవాడట, ఈయనకీ ఆ పనే వచ్చింది. నాతో ఎప్పుడూ రెండు ముక్కలకి మించి మాట్లాడేవాడు కాదు. ఎయిర్‌పోర్టుకి ఇస్త్రీ చొక్కాలో, కొత్త బూట్లతో వచ్చాడు. సంచిలో మాత్రం దారపు ఉండ, నీటిమట్టం చూసే పారదర్శకపు గొట్టం. తనిఖీ దగ్గర ఆ గొట్టం ఏమిటని వాళ్లడగడం, నేను చెప్పడం, వాళ్లు నమ్మకపోవడం, మళ్లీ చెప్పడం. నా తలప్రాణం తోకకొచ్చింది. ఆయన పక్కన నిలబడి ఇంటికి ఫోను చేస్తున్నాడు. అవతల భార్య గొంతు నాకూ వినబడింది.

"గది దుబాయ్‌ల ఏ దిక్కున్నది?"

"దుబాయ్ కాదే, యూరప్. సముద్రం అవుతల."

"ఏదైతేంది గని, తిని పో."

మర్నాడు పొద్దున్నే రాంబ్లా మొదట్లో నిలబడ్డాం. అప్పుడే తెల్లారింది. రెండు వైపులా బెరడు ఊడిన పెద్ద పెద్ద చెట్లు, వాటి మధ్య వెడల్పాటి దారి, ఆ దారి నిండా అలలు. తడి గుడ్డతో తుడిచినట్టు నేల మెరుస్తోంది. పూల కొట్ల వాళ్లు షట్టర్లు ఎత్తుతున్నారు. చల్లగాలి, కాఫీ వాసన, ఎక్కడో చక్రాల పెట్టె లాక్కుపోతున్న చప్పుడు. నేను తలెత్తి ఊపిరి పీల్చుకోబోతుంటే, పక్కన మేస్త్రి కూర్చుని బూట్లు విప్పుతున్నాడు.

"మేస్త్రి గారూ, ఇక్కడ చెప్పుల్లేకుండా నడిస్తే బావుండదండీ."

"ఎవలన్న అద్దన్నరా మేడం?"

"అనలేదనుకోండి, కానీ..."

"అన్ననాడు తొడుక్కుంట."

మేజోళ్లు మడిచి బూట్లలో దోపి, వాటిని సంచిలో పెట్టి, నడక మొదలుపెట్టాడు. ఎంత నెమ్మదిగా అంటే, చంటిపిల్లలు ఆయన్ని దాటిపోయారు. ముందు మడమ, తర్వాత అరికాలు, తర్వాత వేళ్లు. ఒక అడుగు వేసి ఆగుతాడు, పక్కకి జరుగుతాడు, మళ్లీ వేస్తాడు. నేను టేపు, పుస్తకం పట్టుకుని వెనకాల. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ ఉలిపికట్టె వెనకాల నేను.

కాసేపు చిరాకు పడ్డాను. తర్వాత ఏమైందో తెలీదు. కళ్లు నేలకి అలవాటు పడ్డాయి. అల తర్వాత అల, అల తర్వాత అల, వాటి మీద ఎండ, ఆకుల నీడలు. జనం పెరిగారు. నాకు మొహాలు లేవు, కాళ్లే ఉన్నాయి. ఎర్ర చెప్పులు వచ్చాయి, పోయాయి. కర్ర పట్టిన ముసలి కాళ్లు, పరిగెత్తే చిన్న కాళ్లు, ఒకదానికొకటి ఆనుకుని నడిచే రెండు జతలు. అందరూ నీళ్లలో నడుస్తున్నట్టే ఉంది. నేనెక్కడ ఉన్నానో మర్చిపోయాను. చిన్నప్పుడు గోదావరి రేవులో మోకాలి లోతులో నిలబడి, కదిలేది నీళ్లా నేనా అని తేల్చుకోలేక భయపడి అమ్మని పిలిచేదాన్ని. అప్పటి కళ్లు తిరగడమే ఇది. ఈసారి భయం లేదు, హాయిగా ఉంది.

పూల కొట్లు వచ్చాయని వాసనని బట్టి తెలిసింది. నేను కడియం దాన్ని. పూల మొక్కల మధ్య పుట్టి పెరిగినదాన్ని. అలాంటిదాన్ని, ఆ పూలనీ చూడలేదు. బకెట్ల అడుగులు చూశాను. వాటి నుంచి కారిన నీళ్లు ఎటు పారుతున్నాయో చూశాను, ఎందుకంటే మేస్త్రి అది చూడమన్నాడు. నీళ్లు దారి మధ్యలో ఆగకుండా రెండు పక్కలకీ పోతున్నాయి. పుస్తకంలో రాసుకున్నాను.

ఒకచోట ఒంటికంతా వెండిరంగు పూసుకుని విగ్రహంలా కదలకుండా నిలబడ్డ మనిషి ఎదురయ్యాడు. జనం చుట్టూ చేరి నవ్విద్దామని చూస్తున్నారు. మేస్త్రి ఒక్కసారి తలెత్తి, ఆయనకి చిన్నగా దండం పెట్టాడు. "ఎండల నిలవడుడు ఎంత కష్టమో నాకెరుక" అని మళ్లీ తల దించాడు.

సముద్రం దగ్గర దారి అయిపోయేసరికి మధ్యాహ్నమైంది. మేస్త్రి ఆగి, నా వైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.  నా మొహం వంకే చూస్తున్నాడు, ఏదో వినబోతున్నట్టు.

"ఏంటి మేస్త్రి గారూ? ఆకలేస్తోందా?"

"ఏం లేదు మేడం" అని కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. ఆయన మొహం కొంచెం చిన్నబోయింది. నాకు ఆకలిగా ఉంది, అందుకని దాని గురించి ఆలోచించలేదు.

రెండో రోజు, అదే సముద్రం వైపు, దారిలో కొంత మేర కంచె వేసి తవ్వుతుండడం చూశాం. పాత అలల పలకలు ఊడదీసి ఒక పక్కన పేర్చారు. కొత్త రాయి పరుస్తున్నారు. మేస్త్రి కంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను ఎవరినైనా అడుగుదామని, హోటల్లో నేర్చుకున్న నాలుగు స్పానిష్ ముక్కలు కూడదీసుకుంటున్నాను. ఈలోగా లోపల వంగి పని చేస్తున్న ఒకతను నడుం పట్టుకుని లేచి, పక్కవాడితో హిందీలాంటి భాషలో ఏదో విసుక్కున్నాడు. అంతే, మేస్త్రి అరిచాడు.

"భాయ్! కహా కా హై?"

అతనిది పాకిస్తాన్‌లో పంజాబట. పన్నెండేళ్లుగా ఇక్కడే. మేస్త్రి సనయ్యాలో నేర్చుకున్న హిందీలో మాట్లాడాడు, అతను తన పంజాబీ హిందీలో మాట్లాడాడు. పది నిమిషాల్లో ఇద్దరూ అంచు మీద పక్కపక్కన కూర్చుని, ఊడదీసిన పలకని తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. అనువాదం చేయడానికి కంపెనీ ఖర్చు పెట్టి తెచ్చిన నేను, సంచులకి కాపలా ఉన్నాను.

తిరిగొచ్చేటప్పుడు మేస్త్రి మొహం వెలుగుతోంది.

"దొరికింది మేడం. మనం అంచు కాడికెల్లి మొదలువెట్టినం. గీళ్లు నడిమిట్లకెల్లి మొదలువెట్టి రెండు దిక్కుల పోయిండ్రు. నడుమ జెర ఎత్తు, బర్రె ఈపు లెక్క. కంటికి కానరాదు. నిన్న కాలుకు తెలిసింది గని, ఇయ్యాల పలకలు ఊడదీసిన కాడ కండ్లవడ్డది. నడుమ ఎత్తుంటె ఒక దిక్కు ఎలుగువడ్తది, ఇంకో దిక్కు నీడవడ్తది. గందుకే అల లేస్తది."

మా గీతల్లో నేల బల్లపరుపుగా ఉంది. ఆ గీతలకి నంబరు వేసింది నేనే. ఇన్నేళ్లుగా కాగితంలో లేనిది నేల మీద ఉండదనుకున్నాను.

కాస్త దూరం నడిచాక ఆయనే మళ్లీ అన్నాడు, "ఇక్కడ ఊడవీకుతున్నరు, అక్కడ మనం ఏస్తున్నం. ఎక్కడ్నో ఒక్కకాడ ఉంటే సాలు."

మూడో రోజు సాయంత్రం తిరుగు ప్రయాణం. అంతకుముందు దారి పైచివర ఉన్న ఒక ఇనప కుళాయి దగ్గరికి తీసుకెళ్లాను. ఆ నీళ్లు తాగినవాళ్లు మళ్లీ ఈ ఊరికి వస్తారని అక్కడివాళ్ల నమ్మకం. చెప్పి, నేను దోసిలి పట్టి కడుపునిండా తాగాను. మేస్త్రి తాగలేదు.

"నేను మళ్ల ఏడ అస్త మేడం. తాగి లాభమేంది?" అంటూనే సంచిలోంచి ఖాళీ సీసా తీసి, నింపుకుని, మూత గట్టిగా బిగించాడు. తాగనివాడికి నీళ్లెందుకని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

బెంచీ మీద కూర్చున్నాం. ఆకులు ఒక్కొక్కటీ రాలుతున్నాయి. అప్పుడు చెప్పాడు, అడక్కుండానే.

"మా బాపు కాలంల, బండలేసుడు అయినంక పొద్దూకి మేస్త్రి ఒక్కడే చెప్పులిడిసి ఇల్లంత నడుస్తుండె. ఎత్తుపల్లం కండ్లకు దొరకదు, అరికాలుకు దొరుకుతది. నడుసుడు అయినంక ఇంటామె అడగాలె, 'నడిచినవా మేస్త్రీ' అని. 'నడిచిన అవ్వా, ఇగ నువ్వు నడువు' అంటుండె మా బాపు. గప్పటికెల్లి ఇల్లు ఆమెది. అప్పటిదాంక మేస్త్రిదే."

నాకు మొదటి రోజు మధ్యాహ్నం గుర్తొచ్చింది. సముద్రం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ మనిషి, ఆకలేస్తోందా అనడిగిన నేను.

"మొన్న నేను అడగాల్సిందా?" అన్నాను.

"గది నేనేసిన దారి కాదు గదా మేడం. నువ్వెట్ల అడుగుతవ్? అలవాటుకు నిలవడ్డ." ఒళ్లో రాలిన ఆకు దులిపి అన్నాడు. "పందొమ్మిదేండ్ల సంది ఖతర్‌ల ఎన్ని ఏసిన్నో. ఒక్కటన్న నడువలే. పని అయిందంటె అడ్డం పెడ్తరు, తెల్లారి ఇంకో సైటు. నాకు సెలవు ఐతారం నాడు దొరకదాయె, శుక్కురారమే. శుక్కురారం ఫ్యామిలీలకే అంటరు. మాసొంటోళ్లను గేటు కాడనే ఆపుతరు. గీ అలల దారి ఒక్కటన్న నడిచి ఇంటికి పోవాలె మేడం. గంతే."

"నడుద్దురు గానీ, అదెంత పని" అన్నాను. అంత తేలిగ్గా అనేశాను.

దోహా వచ్చాక మూడో మచ్చు వేశారు, ఈసారి నడిమి నుంచి. మొదటి గమేళా సిమెంటు కలిపేటప్పుడు మేస్త్రి అటూ ఇటూ చూసి సీసా మూత తీశాడు. బార్సిలోనా నీళ్లు మొత్తం అందులో పోశాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"నడిచేటోళ్లు మళ్ల మళ్ల రావాలె గదా మేడం" అన్నాడు, దొంగలా.

ఏయే నీళ్లు ఎంత పోయాలో రాసిన కాగితం నా దగ్గరే ఉంది. అందులో ఈ సీసా లేదు. నేనూ రాయలేదు.

పెద్దాయన వచ్చాడు. సాయంత్రపు ఎండ పక్క నుంచి పడుతోంది. అలల్ని ఆ చివర దాకా చూశాడు. తర్వాత కర్ర పక్కవాడి చేతికిచ్చి, ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒంటరిగా నడిచాడు. నడిచి, "యల్లా" అన్నాడు, ఇక కానివ్వండి అని. పని మొదలైంది.

ఎండాకాలం వెళ్లింది, చలికాలం వచ్చింది. దారి పూర్తయింది. మేస్త్రి చెప్పినట్టే అడ్డాలు పెట్టారు, మనుషుల్ని పంపేయడం మొదలుపెట్టారు. దారి తెరిచిన కొత్తలో శుక్రవారాలు కుటుంబాలకి మాత్రమే అని గేటు దగ్గర బోర్డు పెట్టారు. నేను వేరే పనుల కాగితాల్లో పడిపోయాను. నేనన్న మాట నాకు గుర్తు లేదు. అబద్ధమెందుకు, నిజంగానే గుర్తు లేదు.

ఒక గురువారం మేస్త్రి ఫైనల్ ఎగ్జిట్ కాగితం నా బల్ల మీదకి వచ్చింది. ఇక ఇంటికి, మళ్లీ రాకుండా. ప్రయాణం శనివారం. నంబరు వేయబోతుంటే చెయ్యి ఆగిపోయింది. వెంటనే ఫోను చేశాను.

"మేస్త్రి గారూ, దారి మీద నడిచారా?"

"ఏడ మేడం. దినాలన్ని డ్యూటీల వోయినయి."

"రేపు సాయంత్రం రండి. నేనొస్తాను."

"రేపు శుక్కురారం మేడం. అద్దంటరు."

"రండి అంటున్నాను కదా!"

ఆయన మీద ఎందుకు అరిచానో నాకు తెలుసు. కోపం ఆయన మీద కాదు.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా చర్చి ప్రార్థన కూడా ఆ పొద్దునే అయింది. మా ఆయనకి ఆ వారం దుఖాన్‌లో డ్యూటీ. సాయంత్రం, చర్చికి కట్టుకున్న తెల్లచీరతోనే అల్ ఘర్రాఫా నుంచి కారులో బయల్దేరాను. మేస్త్రి గేటుకి దూరంగా, రోడ్డు అవతల నిలబడి ఉన్నాడు. బార్సిలోనాకి వేసుకొచ్చిన చొక్కానే, అదే ఇస్త్రీ. నుదుట సన్నటి బొట్టు.

గేటు దగ్గర గార్డు నాకు దారిచ్చి ఆయనకి చెయ్యి అడ్డం పెట్టాడు. "బ్యాచిలర్ మాఫీ. ఫ్యామిలీ ఓన్లీ." కుటుంబం లేకుండా వచ్చిన మగవాళ్లకి లేదని. గట్టిగా కూడా అనలేదు పాపం. నేను కంపెనీ కార్డు చూపించాను. ఈ దారి వేసింది ఈయనే అని చెప్పాను. కాగితం ఉందా అన్నాడు గార్డు. నేను ఆ దారికి సంబంధించి కొన్ని వందల కాగితాలు దాచాను. ఈ మనిషి ఇది పరిచాడు, ఇతన్ని దీని మీద నడవనివ్వండి అనే కాగితం వాటిలో ఒక్కటీ లేదు.

"పోనీ మేడం" అన్నాడు మేస్త్రి, అప్పటికే వెనక్కి తిరిగి. "పొయ్యే ముందల లొల్లి ఎందుకు."

పందొమ్మిదేళ్లుగా ఆ మనిషి అలా వెనక్కి తిరుగుతూనే ఉన్నాడని అప్పుడు తెలిసింది. ఎంత అలవాటుగా తిరిగాడో. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని గార్డు ముందుకి లాగాను.

"ఈయన మా అన్నయ్య. మేమిద్దరం ఫ్యామిలీ" అన్నాను ఇంగ్లీషులో.

గార్డు నా మెడలో సిలువ చూశాడు. ఆయన నుదుటి బొట్టు చూశాడు. నన్ను చూశాడు, ఆయన చేతుల్ని చూశాడు, సిమెంటు తిని పగిలిపోయిన ఆ వేళ్లని. అతనిదీ ఏదో దూరదేశం. అడ్డం పెట్టిన చెయ్యి దించాడు.

లోపలికి వెళ్లాక మేస్త్రి చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. నడక మొదలుపెట్టాడు. అదే నడక. మడమ, అరికాలు, వేళ్లు. నేను వెనకాల, ఈసారి టేపు లేకుండా. పొద్దు ఊరి వెనక్కి వాలింది. పిల్లలు చక్రాల బళ్ల మీద మమ్మల్ని దాటిపోతున్నారు. ఆడవాళ్ల నల్ల అబాయాల అంచులు అలల మీద తేలుతున్నాయి. ఎక్కడో మసీదులో అజాన్ మొదలైంది. ఒక్కొక్క చోట ఆయన కళ్లు మూసుకుని నడుస్తున్నాడు. ఇది బార్సిలోనానా, దోహానా, ఆ క్షణంలో ఎవరైనా అడిగితే నేను చెప్పలేకపోయేదాన్ని. రెండు ఊళ్లకీ ఒకటే నేల.

చివరికి వచ్చాం. మేస్త్రి ఆగి, నా వైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నా మొహం వంక చూడలేదు ఈసారి. కాళ్ల వంక చూసుకుంటున్నాడు. అడుగుతానన్న ఆశ పెట్టుకోలేదు.

మా వైపు మాటలో అడుగుదామనుకున్నాను. నోట్లోంచి ఆయన మాటే వచ్చింది.

"నడిచినవా, అన్నా?"

ఆయన తలెత్తాడు.  వెనక్కి కట్టుకున్న చేతులు విప్పాడు.

"నడిచిన, చెల్లె" అన్నాడు. అంతవరకూ ఆయనకి నేను మేడమ్‌నే. "ఇగ నువ్వు నడువు."

నేను చెప్పులు విడిచాను. నేల ఇంకా పగటి వేడితో వెచ్చగా ఉంది. గేటు వైపు నడిచాను. దారి మధ్యలోకి రాగానే అరికాలి కింద కొంచెం ఎత్తు తగిలింది, కంటికి కనబడని ఎత్తు. దాన్ని పట్టుకుని నడిస్తే కిందికి చూడక్కర్లేదు. తలెత్తాను. అంత ఆకాశం ఉందని నాకు అప్పటిదాకా తెలీదు.

గేటు దాకా నడిచి వెనక్కి తిరిగాను. అలల అవతలి చివర మేస్త్రి నిలబడే ఉన్నాడు. ఒక చేతిలో తన చెప్పులు, ఇంకో చేతిలో నావి.